ఫోన్లో నీటి లెక్క ఎలా అడగాలి? డయాలిసిస్ రోగులకు దూరం నుంచి నర్సింగ్ తోడు

రాత్రిషిఫ్టు

అందరికీ నమస్కారం. డయాలిసిస్ యూనిట్‌లో పదకొండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. మూడు వారాల క్రితం నాకు కొత్త బాధ్యత అప్పగించారు. ఇంటి దగ్గర ఉన్న రోగులకు ఫోన్ చేసి, నీళ్ళు ఎంత తాగుతున్నారో, బరువు ఎంత పెరిగిందో, కాళ్ళకు వాపు ఉందో లేదో కనుక్కుని జాగ్రత్తలు చెప్పడం ఆ పని. మంచం పక్కన నిలబడి ఇన్నేళ్ళు చేసిన పనే కదా, ఫోన్లో కూడా అలాగే చేయవచ్చని అనుకున్నాను. అది పొరపాటని పోయిన వారమే తెలిసింది.

వారంలో ఒకసారి రెండు డయాలిసిస్‌ల మధ్య వచ్చే రెండు రోజుల విరామంలో, రెండవ రోజు సాయంత్రం ఒక పెద్దాయనకు ఫోన్ చేశాను. "నీళ్ళు తగ్గించారా?" అని అడిగితే "తగ్గించానమ్మా" అన్నారు. "బరువు బాగానే ఉందా?" అంటే "బాగానే ఉంది" అన్నారు. ఆయన డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండవలసిన బరువు, 60 కిలోలు. మర్నాడు ఉదయం 65 కిలోలతో, రాత్రంతా పడుకోలేక కూర్చునే ఉండి, ఆయాసపడుతూ యూనిట్‌కు వచ్చారు. ఆయన నన్ను మోసం చేశారని నేను అనుకోవడం లేదు. నేను అడిగిన తీరులోనే వేరే జవాబుకు చోటు లేకుండా పోయిందేమోనని బాధగా ఉంది. ఈ పని ముందు నుంచి చేస్తున్నవారు, ఇలాంటి ఫోన్లు అందుకునే రోగులు, వారి కుటుంబసభ్యులు నేను ఏం మార్చుకోవాలో దయచేసి చెప్పండి.

ఏడేళ్ళ_సూది

నమస్కారం సిస్టర్. వారానికి మూడు సార్లు, నాలుగేసి గంటల చొప్పున ఏడేళ్ళుగా డయాలిసిస్ చేయించుకుంటున్నాను. మీరు చెప్పిన పెద్దాయన స్థానంలో నేను చాలాసార్లు ఉన్నాను కనుక ఈ జవాబు రాస్తున్నాను.

"నీళ్ళు తగ్గించారా?" అని ఎవరైనా అడిగితే మాకు వినిపించేది ప్రశ్న కాదు, పరీక్ష. తగ్గించలేదని చెబితే తరువాత ఏం వస్తుందో మాకు తెలుసు. గుండెకు ప్రమాదమనీ, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందనీ, ఇన్నిసార్లు చెప్పినా వినరనీ అంటారు. అవన్నీ నిజమే, అవన్నీ మాకు కంఠతా వచ్చు కూడా. అందుకే "తగ్గించాను" అనే మాట ముందు నోటికి వచ్చేస్తుంది. మొదటి రెండేళ్ళు నేను మా యూనిట్ నర్సులకు అలాగే చెప్పాను. అబద్ధం చెప్పిన రోజు యంత్రం మీద ఎక్కువ నీరు తీయవలసి వచ్చేది. మూడో గంటలో పిక్కలు పట్టేసేవి, బీపీ పడిపోయేది, ఇంటికి వెళ్ళాక ఆ రోజంతా లేవలేకపోయేవాడిని. శిక్ష పడేది నాకే అని తెలిసీ అబద్ధం చెప్పానంటే, నిజం చెప్పడం ఎంత కష్టమో ఊహించండి.

ఇంకొక విషయం. దాహం వేరు, నోరు ఎండిపోవడం వేరు. దాహం వేసినప్పుడు నీళ్ళు తాగితే కాసేపైనా తీరుతుంది. నోరు ఎండినప్పుడు ఎంత తాగినా పది నిమిషాలకు నాలుక మళ్ళీ అంగిట్లో అతుక్కుంటుంది. ఈ రెండింటి తేడా ఇన్నేళ్ళలో నన్ను అడిగినవారు ఒక్కరే. ఆవిడ "రాత్రిళ్ళు నోరు ఎలా ఉంటోంది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పవలసిన అవసరం నాకు కనిపించలేదు.

లవణలెక్క

నేను కిడ్నీ రోగులకు ఆహార సలహాలు ఇస్తాను. ఏడేళ్ళ_సూది గారి మాటకు ఒక ముఖ్యమైన విషయం జోడించాలని ఉంది. ఫోన్లో మొదట అడగవలసినది నీటి గురించి కాదు, ఉప్పు గురించి.

ఒంట్లోకి చేరిన ప్రతి 8 గ్రాముల ఉప్పుకు, రక్తంలో సోడియం మోతాదు మామూలుగా ఉండాలంటే దాదాపు ఒక లీటరు నీరు కావాలి. మూత్రం రాని మనిషి ఆ ఉప్పును బయటికి పంపలేడు. సోడియం పెరిగిన సంగతి మెదడు పసిగట్టి, ఆ లీటరు నీరు లోపలికి వెళ్ళేదాకా దాహం పుట్టిస్తూనే ఉంటుంది. ఉప్పు తగ్గించకుండా నీళ్ళు మాత్రమే తగ్గించమని చెప్పడమంటే తన మెదడుతో తానే రోజంతా పోట్లాడమని చెప్పడమే. ఆ పోట్లాటలో మనిషి గెలవలేడు, గెలవకపోవడం అతని తప్పూ కాదు.

రోజుకు 5 నుంచి 6 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒక చిన్న చెంచా, మించకూడదని సాధారణంగా చెబుతాం. అయితే "ఉప్పు తక్కువ వేస్తున్నారా?" అని అడిగితే వంటలో వేసే ఉప్పు గురించే జవాబు వస్తుంది. ప్యాకెట్లలో వచ్చే చిరుతిళ్ళలో, నిల్వ ఉంచిన పదార్థాలలో, బేకరీ సరుకులలో, బయటి భోజనంలో దాగిన ఉప్పు లెక్కలోకి రాదు. కాబట్టి "నిన్న పొద్దుట లేచినప్పటి నుంచి ఏమేం తిన్నారో వరుసగా చెప్పండి" అని అడిగి ఓపికగా వినండి. ప్యాకెట్ మీద సోడియం అని రాసి ఉంటే ఆ అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుందని కూడా నేర్పవచ్చు.

రెండు హెచ్చరికలు మాత్రం ప్రతి రోగికీ చెప్పండి. ఉప్పుకు బదులుగా అమ్మే తక్కువ సోడియం లవణాలలో చాలా వాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. డయాలిసిస్ రోగికి అది ప్రాణాంతకం కావచ్చు. అలాగే నీళ్ళలో వేస్తే బుసబుసా పొంగే మాత్రలలో సోడియం ఎక్కువగా ఉంటుంది. కొన్ని నొప్పి మాత్రలలో ఒక్కోదానిలో 400 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పైగా వాటిని తాగడానికి ఒక గ్లాసు నీళ్ళు కావాలి.

అమ్మకు_తోడు

మా అమ్మగారికి మూడేళ్ళుగా డయాలిసిస్ జరుగుతోంది. మా ఇంట్లో పనికి వచ్చిన పద్ధతి ఒకటే. పొద్దున్నే ఆ రోజుకు అనుమతించిన నీళ్ళన్నీ కొలిచి ఒక సీసాలో పోస్తాం. అమ్మ పాలు తాగితే అన్ని నీళ్ళు సీసాలోంచి తీసేస్తాం. పులుసు, మంచుముక్క, మాత్రలు వేసుకునే నీళ్ళు, అన్నిటికీ అదే లెక్క. కంటికి ఎదురుగా సీసా ఉండటం వల్ల ఎంత మిగిలిందో ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. పెద్ద గ్లాసులు తీసేసి చిన్న కప్పు పెట్టాం. మాత్రలను వైద్యుడిని అడిగి, వీలైనవాటిని భోజనంతో పాటే మింగేలా మార్చుకున్నాం. ఆ ఒక్క మార్పుతో రోజుకు ఒక గ్లాసు మిగిలింది.

ఒక పొరపాటు కూడా చెప్పుకోవాలి. మొదటి ఏడాది నేను అమ్మ చేతికి అందకుండా నీళ్ళు దాచాను. ఒక రాత్రి ఆవిడ స్నానాల గదిలోని కుళాయి తిప్పుకుని దోసిలితో తాగుతుంటే చూశాను. నన్ను చూసి తప్పు చేసిన పిల్లలా నిలబడిపోయారు. ఆ తరువాత నేను ఎన్నడూ నీళ్ళు దాచలేదు. ఎవరైనా కుటుంబసభ్యులు ఇది చదువుతుంటే, దయచేసి మీరూ దాచవద్దు.

ఒక సందేహం ఉంది. అమ్మకు మొదట్లో రోజుకు అర లీటరు దాకా మూత్రం వచ్చేది. ఇప్పుడు బాగా తగ్గింది. పాత కొలతే పాటిస్తున్నాం. అది మారాలా?

నెఫ్రాలజీ_బల్ల

అమ్మకు_తోడు గారూ, తప్పక మారాలి. చాలా యూనిట్లలో చెప్పే లెక్క ఏమిటంటే, ముందు రోజు వచ్చిన మూత్రానికి 500 నుంచి 750 మిల్లీలీటర్లు కలిపితే ఆ రోజు తాగదగిన నీరు. చెమట, ఊపిరి ద్వారా పోయే నీటినీ, ఆహారంలో కనిపించకుండా వచ్చే నీటినీ దృష్టిలో పెట్టుకుని వేసిన అంచనా ఇది. మూత్రం తగ్గితే అనుమతి కూడా అంతే తగ్గుతుంది. నెలకు ఒకసారైనా 24 గంటల మూత్రం కొలిచి యూనిట్‌కు చెప్పండి. మీ అమ్మగారికి ఎంతనేది ఆమె గుండె పరిస్థితిని బట్టి మీ వైద్యుడే నిర్ణయించాలి.

రాత్రిషిఫ్టు గారు చెప్పిన 5 కిలోల గురించి. రెండు డయాలిసిస్‌ల మధ్య పెరిగే బరువు డ్రై వెయిట్‌లో 4 నుంచి 4.5 శాతం దాటకుండా చూడమంటాం. 60 కిలోల మనిషికి అది 2.4 నుంచి 2.7 కిలోలు. గంటకు, ఒక కిలో బరువుకు 13 మిల్లీలీటర్ల కంటే వేగంగా నీరు తీస్తే గుండెకు హాని, మరణాల రేటు ఎక్కువని పరిశోధనలలో కనిపించింది. ఆ వేగం దాటకుండా నాలుగు గంటల్లో ఆయన నుంచి తీయగలిగింది 3.1 లీటర్లే. 5 లీటర్లూ తీయాలంటే వేగం దాదాపు 21 అవుతుంది. నీరు రక్తనాళాల్లోంచి పోయినంత వేగంగా కణజాలంలోంచి వచ్చి చేరదు. బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం, గుండె కండరానికి రక్తం చాలకపోవడం అందువల్లే. ఆయనకు డయాలిసిస్ సమయం పెంచడమో, అదనంగా ఒక రోజు పెట్టడమో చేయాలి గానీ, అంతా ఒకేసారి లాగేయకూడదు.

మూత్రపిండాలు వారంలో 168 గంటలూ చేసే పనిని మనం 12 గంటల్లో చేయిస్తున్నాం. ఆ లోటు రెండు రోజుల విరామంలో బాగా బయటపడుతుంది. అమెరికాలో 32,000 మందికి పైగా రోగుల వివరాలతో 2011లో వెలువడిన అధ్యయనంలో, ఆ పొడవైన విరామం ముగిసిన రోజున మరణాలూ ఆసుపత్రిలో చేరికలూ మిగతా రోజుల కంటే ఎక్కువని తేలింది. మీ ఫోన్ ఆ విరామంలో మోగడం మంచిదే. రెండవ రోజు సాయంత్రానికి మాత్రం ఆలస్యమైపోతుంది, అప్పటికి నీళ్ళు లోపలికి వెళ్ళిపోయి ఉంటాయి. మొదటి రోజే చేయండి.

ఫోన్ చేసే నర్సులు గమనించవలసింది మరొకటి ఉంది. రోగి సరిగా తినక కండ కరిగిపోతే, ఆ స్థానంలో నీరు చేరుతుంది. తూకంలో అంకె మారదు, అందరూ బాగుందనుకుంటారు. "బట్టలు వదులయ్యాయా? ఆకలి ఎలా ఉంది?" అనే ప్రశ్నలకు వచ్చే జవాబు మాకు చేరితే డ్రై వెయిట్ తగ్గించగలుగుతాం. తిండి కుదుటపడి నిజంగానే ఒళ్ళు చేస్తే అదే కొలత పెంచాలి. లేకపోతే ఆ మనిషి నుంచి లేని నీటిని పిండుతాం.

యంత్రం_పక్కన

డయాలిసిస్ టెక్నీషియన్‌ను. ఈ చర్చలో ఇంతవరకూ రాని మాట ఒకటి చెప్పాలి. కొందరి దాహం ఇంట్లో పుట్టదు, మా యంత్రం దగ్గర పుడుతుంది.

డయాలిసిస్ ద్రవంలో సోడియం రోగి రక్తంలో ఉన్నదానికంటే ఎక్కువగా ఉంటే, నాలుగు గంటల పాటు సోడియం అతని ఒంట్లోకే వెళుతుంది. బీపీ పడకుండా ఉండటానికి కొన్నిసార్లు కావాలనే అలా పెడతారు. బీపీ పడినప్పుడు ఎక్కించే సెలైన్, చివరలో రక్తాన్ని తిరిగి లోపలికి పంపడానికి వాడే సెలైన్ కూడా లెక్కలోకి వస్తాయి. లీటరు సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. పావు లీటరు ఎక్కించామంటే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఇచ్చి ఇంటికి పంపినట్లే. ఆ సాయంత్రం అతనికి విపరీతంగా దాహం వేస్తే, ఫోన్ చేసి "నియంత్రణ లేదు" అనడం అన్యాయం. డయాలిసిస్ అయిన రోజు రాత్రే దాహం ఎక్కువగా ఉంటోందని ఎవరైనా చెబితే ఆ మాటను తప్పక యూనిట్‌కు చేరవేయండి. ద్రవం ఉష్ణోగ్రత కొంచెం తగ్గించి, సోడియం సరిచూసి, సెలైన్ అవసరాన్ని తగ్గించడానికి వైద్యులకు మార్గాలున్నాయి.

ఏడేళ్ళ_సూది

యంత్రం_పక్కన గారికి నమస్కారాలు. ఏడేళ్ళలో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. డయాలిసిస్ రోజు రాత్రి దాహం నా బలహీనత అనే అనుకుంటూ వచ్చాను.

సందేహజీవి

మా నాన్నగారి యూనిట్‌లో కూడా ఇలాంటి ఫోన్ సేవ మొదలుపెట్టి కొన్నాళ్ళకు ఆపేశారు. ఫోన్లు వచ్చినన్నాళ్ళు ఆయన బరువు అదుపులో ఉంది, ఆగిన రెండు నెలలకు మళ్ళీ మొదటికొచ్చింది. ఈ విషయం మీద నేను చదివిన అధ్యయనాలు చాలావరకు కొద్దిమందితో కొన్ని వారాలపాటు జరిగినవే. యూనిట్‌లో నర్సుల కొరత ఉన్నచోట ఒక నర్సును ఫోన్ దగ్గర కూర్చోబెట్టడం సరైనదేనా అని నా అనుమానం. నిరుత్సాహపరచాలని కాదు, మొదలుపెట్టి మధ్యలో వదిలేయడం కంటే మొదలుపెట్టకపోవడమే రోగికి మేలనిపించింది.

దూరపు_గొంతు

నాలుగేళ్ళుగా ఈ పనే చేస్తున్న నర్సును. సందేహజీవి గారి అనుమానం సరైనదే. ఎప్పటికీ వారానికి మూడు ఫోన్లు చేస్తూ పోవడం ఎవరికీ సాధ్యం కాదు. మేము మొదటి నెల తరచుగా మాట్లాడి, తరువాత అంతరం పెంచుతూ వస్తాం. రోగి తనంతట తాను పొద్దున్నే బరువు చూసుకుని రాసుకునే అలవాటు ఈలోగా కుదరాలి. ఒకే తూకం, ఒకే వేళ, ఒకే రకం బట్టలు అని మాత్రమే నియమం. కొత్త రోగులకూ, ఆసుపత్రి నుంచి ఇప్పుడే ఇంటికి వచ్చినవారికీ ముందు ప్రాధాన్యం ఇస్తాం. ఆ మొదటి నెల మాత్రం ఒకే నర్సు మాట్లాడాలి. రోజుకొక కొత్త గొంతు వినిపిస్తే ఎవరూ మనసు విప్పరు.

రాత్రిషిఫ్టు గారూ, అవును కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలు మానేయండి. "బరువు బాగుందా?" అనకుండా "ఈ ఉదయం తూకం మీద ఏ అంకె కనిపించింది?" అనండి. అంకె ఎక్కువగా ఉంటే నేను మొదట అనే మాట "చెప్పినందుకు సంతోషం". ఆ తరువాతే కారణం వెతుకుతాం. చెప్పవలసింది చెప్పాక "అర్థమైందా?" అని అడగను. "రేపు ఇంట్లోవాళ్ళకు మీరు ఎలా చెబుతారో నాకు ఒకసారి చెప్పండి" అంటాను. నేను సరిగా చెప్పానో లేదో అక్కడ తెలిసిపోతుంది. ఒక ఫోన్లో ఒక్క విషయమే మాట్లాడతాం. పది జాగ్రత్తలు ఒకేసారి చదివి వినిపిస్తే ఒక్కటీ నిలవదు.

ఒంట్లో నీరు చేరిన సంగతి కొంతవరకు చెవితోనే పట్టవచ్చు. ఒక పెద్ద వాక్యం ఆగకుండా చెప్పగలుగుతున్నారా, మధ్యలో ఊపిరి తీసుకుంటున్నారా వినండి. రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు, ఆయాసంతో మెలకువ వచ్చిందా అని అడగండి. వీడియో ఉంటే మోకాలి కింది ఎముక మీద బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కి తీయమనండి, గుంట నిలిచిపోతే నీరు ఉన్నట్లే. కూర్చుని ఉండగానే ఆయాసం, ఛాతీలో నొప్పి, నురగతో కూడిన గులాబీ రంగు కఫం, ఉన్నట్టుండి కండరాల్లో సత్తువ లేకపోవడం, గుండె లయ తప్పినట్టు అనిపించడం, వీటిలో ఏది విన్నా నేను సలహా చెప్పడం ఆపేస్తాను. వెంటనే అత్యవసర విభాగానికి పంపి, యూనిట్‌కు కబురు చేస్తాను. బీపీ మందులు ఫోన్లో నా అంతట నేను ఎన్నడూ మార్చను.

నోరు ఎండిపోయేవారికి పుక్కిలించి ఉమ్మేయడం, చక్కెర లేని చూయింగ్ గమ్, చిన్న నిమ్మ ముక్క చప్పరించడం కొంత ఉపశమనం ఇస్తాయి, అందరికీ ఇవ్వవు. మధుమేహం ఉన్నవారిలో చక్కెర అదుపు తప్పితే దాహం ఎలాగూ ఆగదు కనుక ఆ అంకె కూడా అడగండి. వాడుతున్న మందులన్నీ తెచ్చి పేర్లు చదవమనండి. నోటిని ఎండబెట్టే మందులు చాలా ఉన్నాయి.

పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవారికి లెక్క వేరు. వారు ఒంట్లోని అదనపు నీటిని రోజూ ఇంట్లోనే బయటికి తీస్తారు కాబట్టి ఎంత ద్రావణం వెళ్ళింది, ఎంత తిరిగి వచ్చింది అని అడగాలి. బయటికి వచ్చిన ద్రవం మసకగా ఉందంటే ఇన్ఫెక్షన్ అనుమానించి ఆ రోజే రమ్మనాలి.

అమ్మకు_తోడు

ఒక మనవి. మా యూనిట్ నుంచి వచ్చే ఫోన్ నాకే వస్తుంది, నాతోనే మాట్లాడి పెట్టేస్తారు. అమ్మ పక్కనే కూర్చుని తన గురించి మేము చెప్పుకునే మాటలు వింటూ ఉంటారు. ఒకసారి నేను లేనప్పుడు ఫోన్ అమ్మే తీశారు. ఆ రోజు నర్సుగారితో పావుగంట మాట్లాడారట. రాత్రిళ్ళు భయం వేస్తోందని, అందుకే నిద్ర పట్టక నీళ్ళు తాగుతున్నానని చెప్పారట. మూడేళ్ళలో ఆ మాట నాకు చెప్పలేదు. దయచేసి ముందు రోగితో మాట్లాడండి, తరువాత మాతో మాట్లాడండి.

రాత్రిషిఫ్టు

ఐదు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. ఇక్కడ మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఫోన్ పక్కన పెట్టుకున్నాను.

ఆ పెద్దాయనకు ఈసారి విరామం మొదటి రోజునే ఫోన్ చేశాను. నీళ్ళ ఊసు ఎత్తకుండా రాత్రిళ్ళు నోరు ఎలా ఉంటోందని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "తెల్లవారేదాకా ఎండిపోయే ఉంటుందమ్మా, నాలుగైదు సార్లు లేస్తాను" అన్నారు. మందులు చదవమంటే తెచ్చి ఒక్కొక్కటీ చదివారు. ఒళ్ళంతా దురదగా ఉందని ఎవరో రాసిచ్చిన అలర్జీ మాత్ర రోజూ రాత్రి వేసుకుంటున్నారు. నోటిని ఎండబెట్టే రకం అది. మా ఛార్టులో దాని పేరే లేదు. దురద కిడ్నీ జబ్బు వల్ల వచ్చిందే. మా వైద్యుడు ఆ మాత్ర ఆపించి, దురదకు వేరే మందు ఇచ్చారు, రక్తపరీక్షలో ఫాస్ఫరస్ కూడా చూశారు. యంత్రం_పక్కన గారి మాట గుర్తుంచుకుని డయాలిసిస్ ద్రవంలోని సోడియం గురించి కూడా అడిగాను. దాన్నీ కొంచెం తగ్గించారు.

ఇప్పుడు ఆయన విరామం తరువాత 3 కిలోల దాకా బరువు పెరిగి వస్తున్నారు. ఒక వారం మళ్ళీ 4 దాటింది. ఆ అంకె మాత్రం నేను అడగకముందే ఆయనే ఫోన్ చేసి చెప్పారు, చుట్టాలింట్లో రెండు పూటలా తిన్నానని కారణం కూడా చెప్పారు. మర్నాడు అరగంట అదనంగా యంత్రం మీద ఉంచి, తొందరపడకుండా నీరు తీశాం.

దురద పూర్తిగా తగ్గలేదని మొన్న అన్నారు. తగ్గకపోతే ఆ పాత మాత్రే మళ్ళీ వేసుకుంటారేమోనని నా భయం. రేపు ఉదయం ఆయనకు ఫోన్ చేయాలి, ముందు దాని గురించే అడుగుతాను.